సెలవుల్లోనే అసలు పరీక్ష

మే నెల వచ్చిందంటే మన దగ్గర పుస్తకాలు అటకెక్కుతాయి. పిల్లలు అమ్మమ్మగారి ఊరికి బస్సెక్కుతారు. కాలేజీ కుర్రాళ్లయితే పొద్దున పదింటిదాకా దుప్పటి తీయరు. వేసవంటే అంతే మరి! అదే అమెరికాలో ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ చేస్తున్న మన పిల్లల్ని ‘సెలవులకి ఏం చేస్తున్నారు?’ అని అడిగి చూడండి. కొందరు నవ్వేస్తారు. కొందరు మాట మార్చేస్తారు. మాట మార్చారంటే... ఇంకా ఏమీ దొరకలేదని అర్థం.

రెండేళ్ల కోర్సు. నాలుగు సెమిస్టర్లు. ఆగస్టులో చేరినవాళ్లకి మధ్యలో వచ్చేది ఒకే ఒక్క వేసవి. మూడు నెలలు, మహా అయితే ఇంకో పదిరోజులు. ఆ కాస్త సమయంలో ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తే చదువయ్యాక అక్కడే ఉద్యోగం రావచ్చు. అక్కడ రాకపోయినా రెజ్యూమెలో అమెరికా అనుభవం అంటూ ఓ లైను చేరుతుంది. అది లేకపోతే? చదువు అయ్యాక పని చేసుకోవడానికిచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. అది మొదలయ్యాక తొలి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం కలిపి 90 రోజులే. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన తండ్రికి ఆ తొంభై రోజుల సంగతి తెలియకపోవచ్చు. కొడుక్కి మాత్రం నిద్రలో లేపి అడిగినా గుర్తే.

ఇంతకీ ఏమిటీ చదువు? ఇక్కడ అమ్మానాన్నలకి అదో తిప్పలు. ‘మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?’ అని పక్కింటావిడ అడిగితే ‘ఎంఎస్’ అని చెప్పి ఊరుకుంటారు. ‘కంప్యూటర్సేనా?’ అంటే ‘ఆ... అలాంటిదే’ అంటారు. నిజానికి దీని మూలాలు కంప్యూటర్లలో కాదు, గ్రంథాలయాల్లో ఉన్నాయి. పుస్తకాలకు దశాంశాల లెక్కన అంకెలు వేసిన మెల్విల్ డ్యూయీ 1887లో న్యూయార్క్‌లోని కొలంబియాలో లైబ్రేరియన్ల కోసం ఓ బడి పెట్టాడు. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. పుస్తకాల బీరువాల్ని సర్దడం నేర్పిన ఆ బళ్లే కాలం మారేకొద్దీ డేటాని సర్దడం నేర్పే ఇన్ఫర్మేషన్ స్కూళ్లయ్యాయి. సిరక్యూజ్ విశ్వవిద్యాలయమైతే 1974లోనే లైబ్రరీ అన్న మాట తీసేసి పేరు మార్చుకుంది. ఇప్పుడు సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఇల్లినాయ్, మేరీల్యాండ్... ఇలా పలుచోట్ల ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అన్న పేరుతోనే కోర్సులున్నాయి. టెక్సస్‌లోని డాలస్ లాంటిచోట్ల దాదాపు ఇదే చదువు బిజినెస్ స్కూల్లో, కాస్త వేరే పేరుతో దొరుకుతుంది. మన దేశంలో ఎస్.ఆర్.రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది అందులో నాలుగోది. పాఠకుడి స్థానంలో కస్టమర్ అని పెట్టుకుంటే ఇవాళ్టి సిలబస్ సగం అందులోనే ఉంది.

వేసవి మేలో వస్తుంది కానీ దాని వేట మాత్రం సెప్టెంబరులోనే మొదలవుతుంది. విమానం దిగి నెల తిరగలేదు, బస్సు రూట్లు పూర్తిగా తెలియలేదు, అంతలోనే క్యాంపస్‌లో కెరీర్ ఫెయిర్! పెద్ద హాల్లో బల్లలు వేసుకుని కంపెనీల వాళ్లు కూర్చుంటారు. ఒక్కో బల్ల ముందూ బారెడు క్యూ. గంట నిలబడితే రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ రెండు నిమిషాల కోసం అద్దం ముందు వారం రోజుల రిహార్సల్. సూటు ఉన్నవాడు ఒకడైతే వేసుకునేవాళ్లు ముగ్గురు. పొద్దున ఒకడు, మధ్యాహ్నం ఇంకొకడు!

అక్కడి నుంచి ఇక దరఖాస్తుల దండయాత్ర. రోజుకి పది, పదిహేను. కంపెనీ పేరు, పంపిన తేదీ, వచ్చిన జవాబు... అన్నీ ఎక్సెల్‌లో రాసి పెట్టుకుంటారు. వచ్చినచోట పచ్చరంగు, రానిచోట ఎరుపు. సమాచారాన్ని సర్దే చదువులో వాళ్లు చేసే మొదటి సొంత ప్రాజెక్టు ఇదే అనుకోవచ్చు. డిసెంబరు నాటికి ఆ షీటు నిండా ఎరుపే కనిపిస్తుంటుంది. దరఖాస్తుల్లో చాలావాటిలో ఓ ప్రశ్న ఉంటుంది. ‘ఇప్పుడుగానీ ఇకముందుగానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరమా?’ అని. అవునని టిక్కు పెట్టిన కాసేపటికే ‘క్షమించండి’ అంటూ మెయిల్ వస్తే తెలిసిపోతుంది, రెజ్యూమెను మనిషెవరూ చూడలేదని.

సరే, ఆఫర్ వచ్చిందనుకుందాం. సంబరానికి ముందు ఇంకో గడప దాటాలి. దాని పేరు సీపీటీ. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే అది చదువులో భాగమని విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి. కంపెనీ పేరు, తేదీలతో సహా ఐ-20 పత్రం మీద రాయించుకోవాలి. ఆ తేదీకి ఒక్కరోజు ముందు పనిలో చేరినా తప్పే. మామూలుగా అయితే ఓ విద్యా సంవత్సరం చదివాకే ఈ అనుమతి దొరుకుతుంది. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే ఓపీటీకి నీళ్లొదులుకోవాల్సిందే. కొన్నిచోట్ల ఇంటర్న్‌షిప్‌ని ఒక క్రెడిట్‌గా లెక్కేసి దానికీ ఫీజు కట్టించుకుంటారు. అంటే... పనిచేయడానికి ఎదురు డబ్బు! ‘ఇదెక్కడి చోద్యంరా’ అని నాన్న అడిగితే ఏం చెప్పాలో ఏ ప్రొఫెసరూ నేర్పడు.

ఇక పని సంగతి. ఇంటర్న్ అనగానే గాజు మేడలు, ఉచిత భోజనాలు కళ్ల ముందు మెదులుతాయి. అవీ ఉంటాయి, కొన్నిచోట్ల. చాలామందికి దక్కేది మాత్రం చెత్త ఎత్తే పని. డేటాలో చెత్త! ఓ బీమా కంపెనీలోనో ఆసుపత్రిలోనో ఇరవై ఏళ్లుగా పోగుపడిన రికార్డులుంటాయి. ఒకే మనిషి మూడుచోట్ల మూడు రకాలుగా నమోదై ఉంటాడు. ఇంటి నంబరు ఉండాల్సిన గడిలో ఫోన్ నంబరు ఉంటుంది. ఆ మూడూ ఒకరేనని తేల్చి, కలిపి, ఎవరు ఎప్పుడు అడిగినా క్షణంలో దొరికేలా పెట్టాలి. పది, పన్నెండు వారాల్లో అంతా అయిపోదు. ఒక మూల శుభ్రం చేసి, మిగతాది ఎలా చేయాలో రాసిపెట్టి వస్తారు. ఇంకొందరు అమ్మకాల లెక్కలన్నీ ఒకే తెరమీద బొమ్మల్లో కనిపించేలా డ్యాష్‌బోర్డులు చేస్తారు. మరికొందరు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి ఓ వెబ్‌సైట్‌లో బిల్లు కట్టమని చెప్పి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని రాసుకుంటారు. వినడానికి చాలా తేలిక. కానీ మధ్యలో నోరు మెదపకుండా, సాయం చేయకుండా ఉండాలి. మనవాళ్లకి అదే కష్టం.

ఈ పనిలో మన తెలుగు పిల్లలకి ఓ సొంత అనుభవం పనికొస్తుంది. అమెరికా వెళ్లిన మొదటిరోజు నుంచీ వాళ్లు స్వయంగా తప్పుడు రికార్డులే! మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. అక్కడ తిరగేస్తారు. దాంతో ప్రొఫెసర్ ఇంటిపేరు పెట్టి పిలుస్తుంటే ‘మా తాతని పిలుస్తున్నట్టుంది’ అనుకుంటారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ల అవస్థ ఇంకా ఘోరం. వీసాలో పేరు ఉండాల్సినచోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. తొలిపేరు తెలియదు అని దానర్థం. ఆ మూడక్షరాలే బ్యాంకు కార్డు మీదకీ, ఆఫీసు బ్యాడ్జీ మీదకీ ఎక్కేస్తే... పెట్టిన పేరు ఇంట్లోవాళ్ల ఫోన్లోనే మిగులుతుంది. పుట్టినతేదీలో రోజు ముందా నెల ముందా అన్నదీ అంతే. అందుకే ఓ ఫారంలో పేరు గడులు ఎన్నుండాలి అన్న చర్చ వస్తే, అప్పటిదాకా మూల కూర్చున్న మన అమ్మాయి గొంతు సవరించుకుంటుంది. ఆ గదిలో దాని గురించి ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు మరి!

ఇంటర్న్‌షిప్ ఒక ఊళ్లో, కాలేజీ ఒక ఊళ్లో ఉంటే ఇంటి లెక్క తిరగబడుతుంది. కాలేజీ ఊళ్లో గదికి ఏడాది ఒప్పందం ఉంటుంది. వేసవికి దాన్ని ఇంకొకరికి ఇవ్వాలి. అందరూ ఖాళీ చేసే కాలం కాబట్టి సగం అద్దెకైనా దొరికితే అదృష్టం. పరుపు స్నేహితుడి గదిలో, కుక్కరు ఇంకొకరి గదిలో పెట్టి, రెండు సూట్‌కేసులతో బయల్దేరతారు. డాలస్ వెళ్లినవాళ్లకి ఎండ కొత్తేం కాదు. 38 డిగ్రీలంటే రామగుండంలో ఉన్నట్టే. సియాటెల్ వెళ్లినవాళ్లకి జూన్‌లో రాత్రి తొమ్మిదైనా పొద్దు గుంకదు. ‘ఇంకా వెలుతురే ఉందమ్మా’ అని వీడియోలో చూపిస్తే ఇక్కడ పొద్దున్నే పాలు కాస్తున్న అమ్మ నమ్మలేక నవ్వుతుంది.

దొరకనివాళ్ల సంగతి చెప్పుకోకపోతే ఈ కథ సగమే అవుతుంది. 2020 వేసవిలో కరోనా దెబ్బకి ఎన్నో ఇంటర్న్‌షిప్పులు రద్దయ్యాయి. మిగిలినవి గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చేయాల్సి వచ్చింది. ఆఫీసు గుమ్మం తొక్కకుండానే ఇంటర్న్‌షిప్ ముగించినవాళ్లున్నారు. 2022 చివర్లో పెద్ద టెక్ కంపెనీలు ఉద్యోగుల్ని తగ్గించడం మొదలుపెట్టాక కొత్తవాళ్లకి తలుపు ఇంకాస్త ఇరుకైంది. మరోపక్క వెళ్లేవాళ్లు పెరిగారు. 2023-24లో అమెరికాలో చదివేవాళ్లూ, చదువయ్యాక ఓపీటీ మీద ఉన్నవాళ్లూ కలిపి భారతీయులు 3,31,602 మంది. విదేశీ విద్యార్థుల్లో చైనాని దాటి మొదటి స్థానం మనదే. గొప్పే! కానీ కెరీర్ ఫెయిర్‌లో క్యూ కూడా అంతే పొడుగవుతుంది కదా.

అలాంటివాళ్లు ఏం చేస్తారు? తరగతులున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు, సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. లైబ్రరీలో పుస్తకాలు సర్దుతారు. ప్రొఫెసర్ పరిశోధనకి లెక్కలు చూసిపెడతారు. కొందరు రెండు సబ్జెక్టులు వేసవిలోనే చదివేసి ఫీజు సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. చుట్టాల పెళ్లికని ఇంటికొచ్చి మామిడిపళ్లు తిని వెళ్లేవాళ్లూ ఉంటారు. వాళ్లని చూసి మిగతావాళ్లకి అసూయే.

ఇవేవీ కానివి కూడా కొన్ని ఉన్నాయి. క్యాంపస్ బయట చాటుగా హోటల్లోనో పెట్రోల్ బంకులోనో గంటల లెక్కన పని. పట్టుబడితే వీసా పోతుంది. ‘మొదటిరోజు నుంచే సీపీటీ’ అంటూ ఊరించే కాలేజీల బాట ఇంకా ప్రమాదం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బోగస్ అని తేలినప్పుడు మన పిల్లల కాళ్లకి జీపీఎస్ పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమైతే అమెరికా అధికారులే వలగా పన్నిన ఉత్తుత్తి కాలేజీ. అందులో చిక్కినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. చిక్కుకున్న పిల్లలందరూ అమాయకులని అనలేం కానీ, అప్పుమీద వడ్డీ పెరుగుతుంటే మనసు ఎటు లాగుతుందో ఊహించడం కష్టం కాదు.

అన్నిటికన్నా బరువైనది వారాంతపు ఫోను. ‘ఏరా, ఏమన్నా వచ్చిందా?’ అంటాడు నాన్న. ‘ఇంకా లేదు నాన్నా, రెండు ఇంటర్వ్యూలున్నాయి’. మార్చిలో ఇదే జవాబు. ఏప్రిల్లో ఇదే జవాబు. మేలో నాన్న అడగడం మానేస్తాడు. ‘తిన్నావా?’ అని మాత్రం అడుగుతాడు. అదివరకు ఆ మాట అమ్మది. ప్రతి గదిలోనూ ఉంటాడొకడు... ఆ ప్రశ్న తట్టుకోలేక ‘వచ్చింది నాన్నా’ అనేసేవాడు. ఇక్కడ వీధి వీధంతా తెలిసిపోతుంది. అక్కడ వాడు లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాల బండి తోస్తూ, ఇంటి నుంచి ఫోనొస్తే మెట్ల మీదకి వెళ్లి ‘ఆఫీసులో ఉన్నా’ అంటుంటాడు. అబద్ధమే. అయినా గదిలో మిగతా ముగ్గురిలో ఒక్కరూ ఆ మాట ఎత్తరు. వాడి ఫోన్లో వీడియో కాల్ మోగితే వెనక గోడకి వేలాడే మురికి బట్టలు మాత్రం గబగబా తీసేస్తారు.

ఆగస్టు వచ్చేసరికి ఇంటర్న్‌షిప్పులు ముగుస్తాయి. చివరివారం పెద్దలందరి ముందూ చేసింది చూపించి, బ్యాడ్జీ తిరిగిచ్చేసి వస్తారు. వెళ్లేటప్పుడే ‘చదువయ్యాక వచ్చేయ్’ అని చేతిలో కాగితం పెట్టే కంపెనీలున్నాయి. ‘చెప్తాం’ అనేవీ ఉన్నాయి. చేసినవాళ్లూ చేయనివాళ్లూ మళ్లీ అదే ఊళ్లో, అదే గదిలో కలుస్తారు. పరుపులు, కుక్కర్లు ఎవరివి వాళ్లకి చేరతాయి. ఆ వారంలోనే కొత్త బ్యాచ్ దిగుతుంది. ఒకరి కారు అడిగి తీసుకుని సీనియర్లే విమానాశ్రయానికి వెళ్తారు. ఇరవై రెండు గంటల ప్రయాణంతో కళ్లు మూతలుపడుతున్నా, వెనక సీట్లో కూర్చున్న జూనియర్ అడిగే మొదటి ప్రశ్న మారదు.

‘అన్నా, ఇంటర్న్‌షిప్ ఎలా?’

అద్దంలోంచి వెనక్కి చూసి సీనియర్ అంటాడు, ‘సూటు తెచ్చావా?’