ముందు కాపీ, తర్వాతే డిలీట్

మా ఫొటో, జెరాక్స్ షాపులో పనికి చేరే పిల్లాడి చేతిలో నుంచి నేను ముందు లాక్కునేది మౌసు. ఆల్బమ్ షీట్లు పేర్చడం, రంగులు సరిచేయడం, పెండ్లికూతురి ముఖానికి వెలుగు పెంచడం అన్నీ తర్వాత నేర్చుకోవచ్చు. ముందు ఫైల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు చెక్కుచెదరకుండా చేర్చడం రావాల. మేముండేది కలికిరిలోనే అయినా వాయల్పాడు, పీలేరు, మదనపల్లె నుంచి కూడా పెండ్లి పనులు వస్తాయి. ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఒకే రాత్రి రెండు మూడు పెండ్లిళ్ల మెమరీ కార్డులు ఒకే సిస్టమ్‌లో దిగుతాయి. పీలేరు వాళ్ల తలంబ్రాలు వాయల్పాడు వాళ్ల ఆల్బమ్‌లో కనిపించినాయంటే ఆ రెండూళ్లలో మనకు మళ్లీ పని పుట్టదు.

మౌసు మీద నాకేం పగ లేదు. పట్టుకుని లాగేటప్పుడు వేలు జారితే ఫైళ్లు పక్క ఫోల్డర్‌లో పడతాయి, పడినట్టు కూడా తెలియదు. వెంటనే చూసుకుని కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి వస్తాయి, ఆలస్యమైతే వెతుకులాటే. పైగా ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైల్ తరలిపోతుంది, డి డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు లాగితే మాత్రం కాపీ అవుతుంది. ఇదంతా గుర్తుపెట్టుకునే బదులు ఎడమచెయ్యి కీబోర్డు కింది వరస మీద పెట్టు. జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉంటాయి. కంట్రోల్‌తో కలిపి కొడితే ఎక్స్ అంటే కట్, సి అంటే కాపీ, వి అంటే పేస్ట్. ఈ కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని 1970లలో అమెరికాలోని జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు తీర్చిదిద్దినారు. టెస్లర్ 2020లో పోయినాడు. మా బోర్డు మీద జెరాక్స్ అని పెద్దక్షరాలతో రాయించుకున్నాం గానీ, ఆ కంపెనీ వల్ల మాకు కలిగిన మేలు ఫొటోకాపీ కన్నా ఇదే ఎక్కువని నా లెక్క.

నాకు ఈ పని నేర్పింది మదనపల్లెలో డీటీపీ సెంటర్ నడిపిన మా సారు. విండోస్ 98 రోజులవి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కొట్టేవాళ్లం. సారు అన్నీ కమాండ్లు కొట్టి నడిపే డాస్ కాలం మనిషి. 1993లో డాస్ ఆరో వెర్షన్ వచ్చేదాకా అందులో మూవ్ అనే కమాండే లేదు. ఫైల్‌ను తరలించాలంటే కాపీ కొట్టి, డిర్ కొట్టి చూసుకుని, అప్పుడు డెల్ కొట్టాల. మూవ్ వచ్చినాక కూడా సారు ఆ అలవాటు మానలేదు. "రేయ్, ముందు కాపీ. లెక్క చూడు. ఆ తర్వాతే డిలీట్" అనేవాడు. నేను ఇప్పుడు పిల్లోళ్లకు చెప్పేది ఆయన మాటే, నా సొంతం ఏమీ కాదు.

సారు దగ్గర నాకు పేరొచ్చింది ఒక చెత్త ఎత్తిపోసిన పనితో. ఆయన హార్డ్ డిస్క్‌లో ఏండ్ల తరబడి చేసిన కార్డు డిజైన్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు, స్కాన్ చేసిన దేవుళ్ల బొమ్మలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో కలగలిసి ఉండేవి. ఒక్కొక్కటి ఎంచుకుని జరపాలంటే వారం పట్టేది. కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి మూవ్, స్పేస్, స్టార్ డాట్ సీడీఆర్, స్పేస్, చేరాల్సిన ఫోల్డర్ పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టినా. స్టార్ అంటే పేరేదైనా సరే అని, సీడీఆర్ అంటే కోరెల్‌లో చేసిన డిజైన్ ఫైల్ అని. కోరెల్ ఫైళ్లన్నీ వరసగా తెర మీద పేర్లు చెప్పుకుంటూ వెళ్లిపోయినాయి. తర్వాత పేజ్‌మేకర్‌వి, తర్వాత బొమ్మలు. సారు నోటితో మెచ్చుకోలేదు. మర్నాటి నుంచి బ్యాకప్ పని నాకు అప్పజెప్పినాడు.

ఇప్పుడైతే నల్ల తెర కోసం వెతకాల్సిన పని కూడా లేదు. ఫోల్డర్ తెరిచి పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టు, అదే ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. పేరులో మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. పేరు మధ్యలో ఖాళీ ఉంటే అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టాల.

తరలించడమంటే లోపల ఏం జరుగుతుందో తెలుసుకో, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. ఒకే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే పది జీబీ ఫోల్డర్ కూడా రెప్పపాటులో పోతుంది. ఫైల్ డిస్క్‌లో ఉన్నచోటే ఉంటుంది. పొలం కదలకుండా పాస్‌బుక్కులో పేరు మారినట్టు, అది ఏ ఫోల్డర్ కిందిదో చెప్పే రాత ఒక్కటే మారుతుంది. వేరే డ్రైవ్‌కో పెన్‌డ్రైవ్‌కో అయితే అట్లా కుదరదు. ప్రతి బైటూ అక్కడికి కాపీ కావాల, తర్వాత ఇక్కడిది తుడిచేయాల. నడిమధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా కొన్ని ఇటు, కొన్ని అటు. అందుకే మా షాపులో ఒక డ్రైవ్ లోపల కట్‌కు అనుమతి ఉంది, డ్రైవ్ దాటితే లేదు. కాపీ అయినాక రెండు ఫోల్డర్ల మీదా ఆల్ట్ ఎంటర్ కొట్టి ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చు. సైజు ఆన్ డిస్క్ అని కింద ఇంకో అంకె ఉంటుంది, అది డిస్కును బట్టి మారుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

మా దగ్గర చురుకైన పిల్లాడొకడు ఉండేవాడు. కమాండ్లు నాకంటే వేగంగా కొట్టేవాడు. ఒక రిసెప్షన్ ఫొటోలన్నిటినీ స్టార్ డాట్ జేపీజీ అని కాపీ కొట్టినాడు గానీ, డి డ్రైవ్‌లో రిసెప్షన్ అనే ఫోల్డర్ చేయడం మరిచినాడు. అప్పుడు కాపీ కమాండ్ ఏం చేస్తుందో తెలుసా? ఆ పేరును ఫైల్ అనుకుని, ఫొటోలన్నిటినీ ఒకదాని వెనక ఒకటి అతికించి ఒకే ఫైల్‌గా చేసి పెడుతుంది. అందులో నుంచి ఫొటోలు విడివిడిగా తెరుచుకోవు. వాడు చూడకుండా అసలువి డిలీట్ కొట్టేసినాడు. "అన్నా, ఫొటోలు కనబడలా" అని వచ్చేసరికి వాడి ముఖంలో నెత్తురు లేదు. మెమరీ కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బతికిపోయినాం. అప్పటినుంచి రెండు కట్టుబాట్లు: చేరాల్సిన ఫోల్డర్ పేరు చివర వెనక్కి వాలిన గీత (బ్యాక్‌స్లాష్) పెట్టాల, అప్పుడు ఫోల్డర్ లేకుంటే దారి దొరకలేదని అదే తిరగబడుతుంది. ఆల్బమ్ ఇంటికి చేరేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు.

రెండు కెమెరాలు ఉన్న పెండ్లిలో పేర్ల తగువు ఇంకోటి. నికాన్‌లో 9999 దాటినాక నంబరు మళ్లీ 0001కి వస్తుంది. రెండు కెమెరాల్లోనూ ఒకే నంబరు ఫొటో ఉండొచ్చు. ఒకటే ఫోల్డర్‌లో పోస్తే రీప్లేస్ చేయాల్నా అని విండోస్ అడుగుతుంది. నిద్రమత్తులో రీప్లేస్ కొట్టినావంటే మాంగల్యధారణ మీద భోజనాల బంతి కూర్చుంటుంది. కెమెరాకొక ఫోల్డర్ చెయ్యి, కంట్రోల్ షిఫ్ట్ ఎన్ చాలు. ఫోల్డర్ పేరు సంవత్సరం, నెల, తేదీ వరసలో మొదలుపెట్టు, వాటంతట అవే క్రమంలో నిలబడతాయి. ఇంకోటి, నల్ల తెరలో మూవ్ కూడా ఇట్లే అడుగుతుంది గానీ బ్యాచ్ ఫైల్‌లో రాసిపెట్టి నడిపితే అడగకుండానే మీద రాసేస్తుంది.

పెద్ద బ్యాకప్‌కు రోబోకాపీ అనే కమాండ్ వాడతా. విండోస్ విస్టా నుంచి సిస్టమ్‌తోనే వస్తోంది. మధ్యలో ఆగిపోతే మళ్లీ అదే కమాండ్ కొట్టు, అయినవాటిని వదిలేసి కానివే తీసుకుంటుంది. కమాండ్ వెనక తగిలించే ఎంఐఆర్ అనే స్విచ్‌కు మాత్రం దూరంగా ఉండు. అసలులో లేనివాటిని అది బ్యాకప్‌లో కూడా చెరిపేస్తుంది.

2013లో కలికిరిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చినాక ప్రాజెక్టు రిపోర్టుల ప్రింట్లకు పిల్లోళ్లు రావడం మొదలైంది. లైనక్స్‌లో ఎంవీ అనే రెండక్షరాల కమాండ్ ఉందని, తరలించడానికీ పేరు మార్చడానికీ అదొకటేనని వాళ్లే చూపించినారు. 1971 నాటి యూనిక్స్‌లోనే ఉందంట. అది కూడా అడగకుండా మీద రాసే రకమే, ఐ అనే స్విచ్ పెడితేనే అడుగుతుంది. ప్రింట్ల డబ్బులో కొంత తగ్గించి రుణం తీర్చుకున్నా.

ఇక పెన్‌డ్రైవ్‌తో వచ్చే గిరాకీలు. పుంగనూరు నుంచి ఒకాయన వచ్చి పెండ్లి వీడియో వేసివ్వమన్నాడు. ముప్పైరెండు జీబీ డ్రైవ్, ఆరు జీబీ ఫైల్, అయినా ఎక్కలేదు. "చోటుండాది గదన్నా, ఏల ఎక్కదు?" అని గొడవ. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన డ్రైవ్ నాలుగు జీబీకి మించిన ఒక్క ఫైల్‌ను తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాల. మార్చాలంటే ఫార్మాట్ చేయాల, అందులో ఉన్నవన్నీ పోతాయి. కాబట్టి ముందు ఆయన్ను అడుగు, ఉన్నవి మన సిస్టమ్‌లోకి కాపీ తీయి, సంఖ్య పోల్చు, అప్పుడు ఫార్మాట్ కొట్టు. డ్రైవ్ తిరిగిచ్చేటప్పుడు ఎజెక్ట్ చేయకుండా పీకొద్దు.