సుద్దరాతిలోని చమురు

నల్లబల్లయొద్ద నిలిచి లెక్కలు చెప్పు మాకు సుద్ద నిత్యపరిచితము. సున్నపురాతి జాతిదైన సుద్దరాయి భూగర్భమున చమురును దాచియుండునని చదివినప్పుడు మాకు మిక్కిలి యాశ్చర్యము కలిగెను.

నార్వే దేశమునకు చెందిన ఉత్తరసముద్ర భాగమున 1969లో కనుగొనబడిన ఎకోఫిస్క్ చమురుక్షేత్రము అట్టిది. అచట సముద్రపు అడుగునకు సుమారు 3 కిలోమీటర్ల దిగువన, సూక్ష్మజీవుల పెంకులచే నేర్పడిన సుద్దరాయి కలదు. అందు రంధ్రములు పెక్కు; కాని యవి మిగుల సన్నములగుటచే, చమురు ముఖ్యముగా పగుళ్ల దారినే బావులకు చేరును.

కంటికి కానరాని యీ రాతిని నిపుణులు కంప్యూటరునందు వేలకొలది గళ్లుగా విభజింతురు. ఒక్కొక్క గడికి రంధ్రముల పాలు, చమురు, నీరు, పీడనము నిర్ణయించి లెక్క కట్టుదురు. ఆ లెక్క గడచిన సంవత్సరముల ఉత్పత్తితో సరిపడనియెడల నమూనాను దిద్దుదురు.

1984లో అచట సముద్రపు అడుగు కుంగుచున్నట్లు తెలియవచ్చెను. చమురు తీయగా పీడనము తగ్గి, పైబరువునకు సుద్దరాయి నలుగుటయే కారణము. 1987లో ఉక్కువేదికలను 6 మీటర్లు పైకెత్తిరి. ఆ యేటనే పెద్దయెత్తున నీటిని రాతిలోనికెక్కింప నారంభించిరి. పీడనము కోలుకొన్నను కుంగుట వెంటనే యాగలేదు. నీరు సోకిన సుద్ద బలము తగ్గును. కావున నిట్టి క్షేత్రపు నమూనాలో చమురు ప్రవాహముతోబాటు రాతి నలుగుబాటును గూడ లెక్కింపవలయును.

విద్యార్థులారా! జవాబు కుదిరినంతనే పలకను ప్రక్కన బెట్టకుడు. విడిచిన యంశమేదైన నున్నదేమో వెదకుడు. సముద్రమధ్యమున నిలిచి పనిచేయువారి ప్రాణములు అట్టి లెక్కలపై నాధారపడియుండును.