హెర్ఫర్డ్ కథీడ్రల్‌లో ఒక ఎన్నిక

ఇంగ్లాండుకు పడమట, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, వై నది ఒడ్డున హెర్ఫర్డ్ పట్టణమున్నది. అక్కడి కథీడ్రల్‌లో సుమారు 1300 నాటి ప్రపంచ పటమును, గొలుసులతో కట్టిన ప్రాచీన గ్రంథములను చూడడానికి యాత్రికులు వస్తుంటారు. యెరూషలేమును లోకమునకు నడిబొడ్డున పెట్టిన ఆ పటమును మేమూ చూశాము. కాని మా మనస్సు ఎక్కువసేపు నిలిచింది 1847 డిసెంబరు 28న ఇక్కడ జరిగిన బిషప్ ఎన్నికపైన.

ఎన్నిక అంటే మన సంఘములలోవలె పలువురు పోటీలో ఉంటారనుకోకండి. పీఠము ఖాళీ అయితే, బిషప్‌ను ఎన్నుకోమని విక్టోరియా రాణిగారి అనుమతి పత్రము కథీడ్రల్ గురువులకు వచ్చేది. దానితోపాటు మరొక ఉత్తరము, అందులో ఒకే పేరు! ఆ పేరు సూచించేది ప్రధానమంత్రి. గురువులు దేవుని నడిపింపు కొరకు ప్రార్థించి ఆ పేరునే ఎన్నుకోవాలి. కాదంటే, ఎనిమిదవ హెన్రీ నాటి చట్టము ప్రకారము ఆస్తి జప్తు, చెరసాల. ప్రార్థనకు జవాబు ముందే కవరులో వచ్చిందన్నమాట. (ఆ కాలమున మన తెలుగు ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములకు పైనున్న మద్రాసు బిషప్పులను సహితము లండనులోనే నిర్ణయించేవారు.)

1847లో ప్రధాని లార్డ్ జాన్ రస్సెల్ పంపిన పేరు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులైన హాంప్డెన్ గారిది. ఆయన బోధ సరియైనది కాదని 1836 నుండే గొడవ. పదముగ్గురు బిషప్పులు అభ్యంతరము తెలుపుతూ వ్రాశారు. రస్సెల్ చలించలేదు. హెర్ఫర్డ్ డీన్, అనగా కథీడ్రల్ గురువులకు పెద్ద, జాన్ మెరివెదర్ గారు రాణిగారికి మనవి చేసుకున్నారు. ఫలితము లేక, మనస్సాక్షి చొప్పున వ్యతిరేకముగా ఓటు వేస్తానని ప్రధానికి పెద్ద ఉత్తరము వ్రాశారు. క్రిస్మస్ నాడు రస్సెల్ ఒక్క వాక్యముతో బదులిచ్చారు: చట్టమును మీరదలచినట్లు తెలిపే మీ ఉత్తరము అందినదని!

ఆ రోజు కాదన్నవారు డీన్, మరొక గురువు, అంతే. తక్కినవారిని పిరికివారనడానికి మాకు నోరు రాలేదు. కొందరు ఇష్టపడే ఒప్పుకొని ఉండవచ్చు. అయినా చెరసాల బెదిరింపు క్రింద ఇచ్చిన ఓటులో ఇష్టమెంతో ఎవరు చెప్పగలరు? 1848 జనవరిలో లండనులోని సెయింట్ మేరీ లెబో దేవాలయములో ఇంకా విడ్డూరము జరిగింది. ఆక్షేపణ గలవారు రావచ్చునని చాటించి, వచ్చినవారి మాట వినబోమన్నారు.

హాంప్డెన్ గారు 1868లో మరణించేవరకు ఇక్కడ బిషప్‌గా ఉన్నారు. భయపడినంత కీడేమీ జరగలేదు. 2007 నుండి ప్రధానమంత్రులు తమ ఇష్టమును జోడించక, సంఘ కమిషన్ ఇచ్చిన పేరునే సింహాసనమునకు పంపుతున్నారు.

డీన్ గారు 1850లోనే కన్నుమూశారు. కథీడ్రల్ తూర్పు చివర లేడీ ఛాపెల్ కిటికీలలోని రంగుటద్దములు ఆయన జ్ఞాపకార్థము అమర్చినవే.