కార్తీకంలో కెరటాల కబుర్లు

కార్తీకం వచ్చిందంటే మన తీరమంతా మేలుకుంటుంది. పౌర్ణమినాడు ఇంకా చీకటుండగానే మంగినపూడిలో, సూర్యలంకలో, వాడరేవులో జనం సముద్రస్నానానికి దిగుతారు. అరటిదొప్పల్లో దీపాలు, తడిచీరల అంచులకు ఇసుక, ఒడ్డున పొగలు కక్కే ఇడ్లీ బళ్ళు. ఆదివారమైతే వనభోజనాల బస్సులన్నీ చివరికి ఏదో ఒక బీచ్ దగ్గరే ఆగుతాయి. జనం వెనకాలే తాళ్ళు, మైకులు, ఈలలు కూడా దిగుతాయి. నీళ్ళు పాదాలకు తగిలాయో లేదో, వెనక్కి రమ్మని మైకులో పిలుపు!

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. ఆ నెలల్లోనే అని కాదు, 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో, పరీక్షలు రాసి సరదాగా వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు కెరటాలకు బలైపోయారు. ఆ తల్లిదండ్రుల ముఖాలు టీవీలో చూసినవాళ్ళెవరూ జాగ్రత్తలు వద్దనరు. నేనూ అనను. నా బాధల్లా ఆ జాగ్రత్త పేరుతో జరుగుతున్న పని గురించే. ఎక్కడైనా ప్రమాదం జరిగితే చాలు, కొన్నాళ్ళపాటు తీరం మొత్తానికి గేటు పడుతుంది. చీరాల వైపు రామాపురంలోనూ, బాపట్ల సూర్యలంకలోనూ ఇది చూశాం. మోకాలిలోతు నీళ్ళలో మనవణ్ణి పట్టుకుని నిలబడిన ముసలమ్మకూ, మందు కొట్టి లోతుకు పోయే కుర్రాడికీ ఒకటే ఈల.

ఇందులో పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. కాపలా ఉన్నచోట తాడు కడితే కుర్రకారు ఇంటికి పోరు. బండెక్కి, మనిషి జాడలేని ఒడ్డు వెతుక్కుంటారు. అక్కడ ఈల వేసేవాడూ ఉండడు, మునిగితే దూకేవాడూ ఉండడు.

విశాఖ జాలరిపేటలో ఒక పెద్దాయన దగ్గర కూర్చుంటే సముద్రాన్ని చూడడం ఎలాగో చెప్పాడు. నేను కెరటాలు ఎగసిపడే చోటు చూసి జంకుతుంటే, ఆయన వేలు పక్కకు తిప్పాడు. “అక్కడ నురగ లేదు సూడండి బాబూ, అక్కడే లాగేస్తాది” అన్నాడు. శాస్త్రవేత్తలు రిప్ కరెంట్ అనేది దాన్నే. ఒడ్డుకు కొట్టిన నీళ్ళన్నీ ఏదో ఒక సందు చూసుకుని వెనక్కి పోతాయి. ఆ సందులో కెరటం విరగదు, నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. ఈత రానివాళ్ళు అదే మంచిచోటు అనుకుని దిగుతారు. లాగేసినప్పుడు ఒడ్డు వైపు ఈదితే ఎంతటివాడికైనా ఒళ్ళు అలిసిపోతుంది. బెదిరిపోకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడొచ్చు. ఈ నాలుగు మాటలు తీరమంతా బోర్డుల మీద బొమ్మలతో, తెలుగులో పెట్టాలి. ‘ప్రమాదకర ప్రాంతం’ అన్న బోర్డు భయపెడుతుంది గానీ బతకడం ఎలాగో చెప్పదు.

గోవాలో 2008 నుంచి దృష్టి సంస్థ లైఫ్‌గార్డులు ఉన్నారు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు పాతుతారు, వాటి మధ్య దిగొచ్చు. ఉత్త ఎర్రజెండా ఉంటే దిగకూడదు. వానాకాలంలో అక్కడా ఎర్రజెండాలే. ఎక్కడ దిగాలో చెప్పాకే ఎక్కడ దిగకూడదో చెప్పడం ఆ పద్ధతిలోని గొప్పతనం. మనవాళ్ళకు అది రాదని కాదు. 2020లో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు అందుకున్న 8 బీచ్‌లలో మన విశాఖ రుషికొండ ఒకటి. ఆ గుర్తింపుకు 33 ప్రమాణాలున్నాయి, లైఫ్‌గార్డులు, పరిశుభ్రమైన నీళ్ళు వాటిలోవే. 2025 మార్చిలో నిర్వహణ సరిగా లేదని ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయి, మళ్ళీ వచ్చింది. అంతకుముందు, 2023లో, రుషికొండకు 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోతే జనం గట్టిగా కాదన్నారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మంచి పనే జరిగింది. సముద్రం చూడ్డానికి టికెట్టేమిటి?

విశాఖలోనే ఆర్కే బీచ్ కబురు వేరు. 2024 ఫిబ్రవరిలో తేలియాడే వంతెన ప్రారంభించిన మర్నాడే దాని చివరి భాగం విడిపోయింది. అదృష్టం, దాని మీద ఎవరూ లేరు. హంగులకు దొరికే డబ్బు గజ ఈతగాళ్ళ జీతాలకు దొరకకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ ఒడ్డు ఇసుక నిలవని ఒడ్డు. పోర్టు కట్టడాలు ఇసుక ప్రవాహాన్ని అడ్డుకోవడంతో, తవ్విన ఇసుకను తెచ్చి పోస్తూనే ఉన్నారు. 2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బ సరేసరి. ఒడ్డు ఏటవాలుగా మారితే రెండడుగులు వేయగానే లోతు తగులుతుంది. నిరుడు దిగిన చోటు ఈ ఏడు పనికిరాదు. అందుకే శాశ్వతమైన తాడు కన్నా రోజూ పొద్దున్నే నీళ్ళను చూసి జెండా మార్చే మనిషి కావాలి. ఆ మనిషి జాలరిపేటలోనే ఉన్నాడు. అలల తీవ్రత గురించి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందే హెచ్చరికలు ఇస్తోంది. ఆ హెచ్చరికనూ ఆ మనిషి కంటినీ ఒకచోట కలపాలి, నెలనెలా జీతం ఇవ్వాలి, లైఫ్ జాకెట్టూ తాడూ చేతిలో పెట్టాలి.

ఈ కార్తీకం సగం గడిచింది. ముందు సంక్రాంతి ఉంది. కనుమ సాయంత్రం ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు, మురీ మిక్చర్ పొట్లాలు, మొక్కజొన్న పొత్తుల పొగతో ఆర్కే బీచ్‌లో కాలు పెట్టే చోటుండదు. చెన్నై మెరీనాలో కనుమ మర్నాడు కంచెలు కట్టి నీళ్ళ దాకా పోనివ్వరు. మన దగ్గర విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వారు ఇప్పటి నుంచే పూనుకుంటే, కనుమనాటికి నాలుగుచోట్లయినా జెండాలు పాతి, ఒక్కో చోట ఇద్దరు ఈతగాళ్ళను నిలబెట్టొచ్చు.