హత్నూర దారిలో నాలుగు కార్డులు

మా అమ్మ సంగారెడ్డి బస్సెక్కితే టికెట్టుకి డబ్బులుండవు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చేస్తాడు. నేనేమో అదే దారిలో బైకు మీద పోతూ ఎక్కడ ఏ కార్డు వాడితే ఎంత వెనక్కొస్తుందా అని లెక్కలేస్తుంటాను. "నీ నాలుగు కార్డులు కలిపినా నా ఆధార్ కార్డంత ఇయ్యవు బిడ్డా" అంటుంది అమ్మ. ఆమెది నూటికి నూరు శాతం. నా ఐదు శాతం ఏ మూలకి?

అయినా ఎవడి పిచ్చి వాడిది. పోయినేడాది నాకు కార్డుల మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ అక్షరాలా 9,640 రూపాయలు. దానికో ఎక్సెల్ షీట్ ఉంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తుంటాను. అలా చూపించినవాళ్లలో హత్నూరలో ఉండే మా బావ ఒకడు. మేనత్త కొడుకు. బోరపట్ల వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద షిఫ్టు పని. మొన్న శనివారం రాత్రి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నాకు గూడ నీ లెక్క మంచి క్యాష్‌బ్యాక్ కార్డు ఒకటి జూడు. జెర జల్ది."

ఫోన్లో చెప్తే ఎక్కదు, వచ్చి చెప్తానన్నాను. చాలా రోజులైంది కూడా, అత్తమ్మ చేతి తొక్కుడు పచ్చడి తిని.

ఆదివారం పొద్దున్నే మియాపూర్‌లో బయల్దేరాను. మియాపూర్ అంటే కార్డులకి స్వర్గం. పాలు, కూరగాయలు, బిర్యానీ, బట్టలు అన్నీ యాప్‌లోనే. ఆన్‌లైన్ ఖర్చుకి 5 శాతం ఇస్తానంటూ 2022లో వచ్చిన ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు లాంటివి మా లాంటి వాళ్ల కోసమే పుట్టాయి. దానికి ఏడాది ఫీజు 999, జీఎస్టీ కలిపితే 1,179. ఫీజు లేని మామూలు కార్డు ఎలాగూ 1 శాతం ఇస్తుంది కాబట్టి మనకి అదనంగా మిగిలేది 4 శాతమే. అంటే ఏడాదికి దాదాపు 29,500, నెలకి రెండున్నర వేలు ఆన్‌లైన్‌లో ఖర్చు పెడితేనే ఫీజు గిట్టుబాటు అయినట్టు. మియాపూర్‌లో ఆ రెండున్నర వేలు వారం తిరక్కుండానే అయిపోతాయి. హత్నూరలో ఎంత కాలం పడుతుంది? ఈ ప్రశ్న బీహెచ్‌ఈఎల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గానీ నాకు తట్టలేదు.

రామచంద్రాపురం దాటాక రోడ్డు రంగు మారుతుంది. కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, నైట్ షిఫ్టు దిగి టీ కొట్ల దగ్గర నిలబడ్డ జనం. ఒడిశా, బిహార్ మాటలు తెలుగుతో సమానంగా వినపడతాయి. పటాన్‌చెరులో ఒక బండి దగ్గర ఇడ్లీ తిని, అక్కడున్న క్యూఆర్‌ని రూపే క్రెడిట్ కార్డుతో స్కాన్ చేశాను. పడింది. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డుల్ని యూపీఐకి కలుపుకోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డులకి ఆ వెసులుబాటు లేదు. నా అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకి ఏడాది ఫీజు లేదు, ప్రైమ్ ఉంటే అమెజాన్‌లో 5 శాతం, బయట చాలా ఖర్చులకి 1 శాతం ఇస్తుంది. కానీ అది వీసా కార్డు కాబట్టి ఇడ్లీ బండి దగ్గర ఉత్త ప్లాస్టిక్కే. అందుకే పర్సులో ఒక్క రూపే అన్నా ఉండాలంటాను. ఇడ్లీ ఆయన నష్టపోతాడేమోనని అనుమానం ఉంటే, చిన్న వ్యాపారులకి 2,000 లోపు బిల్లు మీద ఆ చార్జీ లేదు. నిశ్చింతగా తినండి.

ఇక్రిశాట్ గోడ, ముత్తంగి ఓఆర్ఆర్ జంక్షన్, రుద్రారం, కందిలో ఐఐటీ... ఈ దారిలో కంపెనీ గేట్ల ఎదురుగా అక్కడక్కడా గొడుగు వేసుకొని, మెడలో ట్యాగు తగిలించుకొని కుర్రాళ్లు నిలబడతారు. "సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ కార్డు, బ్యాగు కూడా ఇస్తాం" అంటారు. ఒకప్పుడు కార్డు అంటే ఆఫీసర్ల వ్యవహారం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలోనే తొలి కార్డుల్లో అదొకటి. బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కార్డేమో షిఫ్టు బస్సు దాకా వచ్చింది.

సంగారెడ్డిలో పెట్రోలు. క్యాష్‌బ్యాక్ కార్డుల్లో ఎక్కువ వాటికి పెట్రోలు మీద పైసా రాదు. పైగా 1 శాతం సర్‌చార్జి. దాన్ని మాఫీ చేస్తామంటారు గానీ సాధారణంగా బిల్లు 400 దాటితేనే. సర్‌చార్జి మీద పడే జీఎస్టీ అయితే వెనక్కి రాదు. బైకులో రెండొందలకి కొట్టించుకునేవాడికి నోటు ఇవ్వడమే లాభం. నేను ట్యాంకు నింపించాను. బావ ఎప్పుడూ రెండొందలకే కొట్టిస్తాడని నాకు తెలుసు.

హైవే వదిలి నర్సాపూర్ రోడ్డు పట్టుకుంటే గాలి మారుతుంది. వరి పొలాలు, మధ్యలో ఎర్రగా చెక్కిన ప్లాట్లు, వాటికి రంగురంగుల బోర్డులు. దౌల్తాబాద్‌లో అత్తమ్మకి పండ్లు కొన్నాను. తోపుడు బండి క్యూఆర్ రూపే క్రెడిట్‌ని తీసుకోలేదు. హత్నూర చేరేసరికి నా నాలుగు కార్డుల్లో ఎన్ని పని చేస్తాయో వేలు మడిచి లెక్కబెట్టుకున్నాను. వేలు మడవాల్సిన పనే లేదు, సున్నా.

ఊరు పెద్దగా మారలేదు. మండల కేంద్రమే అయినా ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతున్నట్టుంటుంది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మెదక్ నుంచి సంగారెడ్డిలోకి వచ్చింది. ఇప్పటికీ అత్తమ్మకి "జిల్లా" అంటే మెదకే. బావ నైట్ షిఫ్టు దిగి అప్పుడే లేచాడు. అన్నం తిన్నాక మంచం మీద నా పక్కన కూర్చొని ఫోన్ తెరిచాడు.

"నాకు ఒక కార్డు ఉన్నది బామ్మర్దీ. గీ ఏడాదిల 1,120 వచ్చినయ్ సూడు" అని ఆకుపచ్చ రంగులో మెరుస్తున్న క్యాష్‌బ్యాక్ పేజీ చూపించాడు. బాగానే ఉందే, మరి ఇంకో కార్డు ఎందుకన్నాను. మాట మార్చాడు. నేను ఊరికే వేలితో కిందకి తోసి బిల్లు పేజీ తీశాను. మొత్తం బాకీ: 60,066. ఈ నెల కనీసం కట్టాల్సింది: 3,003.

చెల్లెలి పెళ్లికి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బీరువా ఆ కార్డు మీద తీసుకున్నాడట. కార్డయితే రెండు వేలు తగ్గింపు అన్నారట. అప్పటికి అప్పు 64 వేలు. పదకొండు నెలలుగా ప్రతి నెలా తేదీ తప్పకుండా యాప్ అడిగిన "మినిమమ్" కడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కొన్న రీచార్జీలూ చిల్లర సామాన్లూ విడిగా ఎప్పటికప్పుడు కట్టేశాడు. "ఒక్క నెల గూడ తప్పలే. మరి ఏందిరా ఇది తగ్గుతలేదు?"

కాగితం అడిగాను. ఆ కార్డు వడ్డీ నెలకి 3.75 శాతం. 60 వేల మీద 2,250. దాని మీద 18 శాతం జీఎస్టీ 405. మొత్తం 2,655. కట్టేది 3,000. అసలుకి పోయేది 345 రూపాయలు. పదకొండు నెలల్లో 34 వేలు కడితే అందులో 30 వేలు వడ్డీకీ జీఎస్టీకీ పోయాయి. ఇంకోటి, పాత బాకీ పూర్తిగా తీరనంత కాలం కొత్తగా కొన్నవాటికి ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. బావ పెట్రోలుకి, రీచార్జికి కూడా వడ్డీ పడింది.

బావ తలూపుతున్నాడు గానీ మొహంలో ఏమీ లేదు. శాతాలు చెప్తున్నాను కదా, ఏడాదికి నలభై ఐదు అన్నా అదో అంకె అంతే. అత్తమ్మ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే అడిగింది. "నూటికెంత మిత్తి రా?"

ఊళ్లో అప్పు అంటే అలాగే అడుగుతారు. నూటికి నెలకి ఎన్ని రూపాయలు. రూపాయి మిత్తి అంటే మంచోడు, రెండు రూపాయలు అంటే మామూలు, మూడంటే అవసరం కొద్దీ తల వంచడం. జీఎస్టీ కలిపి లెక్కేశాను.

"నాలుగు రూపాయల నలభై పైసలు అత్తమ్మా."

ఆమె చేతిలో గింజ ఆగింది. "ఊర్ల ఎవడన్న నాలుగున్నర అడిగితే పంచాయితీ పెడుదుము గదరా. నువ్వు పదకొండు నెలల సంది కడుతున్నవా?"

అప్పుడు బావ అసలు మాట బయటపెట్టాడు. కొత్త కార్డు మీద డబ్బు తీసి పాత కార్డుకి కట్టాలని ప్లాను. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తీస్తే సాధారణంగా రెండున్నర శాతం ఫీజు, వడ్డీ ఆ రోజు నుంచే. నాలుగున్నర మిత్తి అప్పు తీర్చడానికి నాలుగున్నర మిత్తి అప్పు, మీద ఫీజు.

ఇంత వడ్డీకి అడ్డు లేదా అంటే, ఒకప్పుడు ఉండేదే అనాలి. ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి పోయాయి. 2024 డిసెంబరు 20న కోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

నేనేదో తెలివైనవాణ్ణని కాదు. రెండేళ్ల కింద ఒక కార్డుకి ఆటోపే పెట్టి, "టోటల్ డ్యూ" అనుకుంటూ "మినిమమ్ డ్యూ" నొక్కేశాను. 38 వేల బిల్లు. తర్వాతి నెల చూస్తే వడ్డీ, జీఎస్టీ కలిపి 1,960. రెండు నెలల పైన క్యాష్‌బ్యాక్ ఒక్క తప్పు నొక్కుడుకి పోయింది. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లు దయచేసి ఇప్పుడే ఒకసారి యాప్ తెరిచి ఆ సెట్టింగ్ చూసుకోండి. తర్వాత చదువుకోవచ్చు.

ఆ రోజు నా ఎక్సెల్ షీట్ ఇంకోలా కనపడింది. కార్డు వాడినప్పుడు దుకాణం వాడు బ్యాంకులకి సుమారు రెండు శాతం ఇచ్చుకుంటాడు. రెండు వచ్చే చోట నాకు ఐదు ఎలా ఇస్తారు? కొంత ఆ బ్రాండ్ల ప్రచార ఖర్చు. మిగతాది బిల్లు మొత్తం కట్టలేనివాళ్ల దగ్గర్నుంచి వచ్చే వడ్డీ. నా 9,640లో బావ కట్టిన 30 వేలలోని ముక్క ఎంతుందో ఏ షీట్‌లోనూ తేలదు.

దారులు వెతికాం. బావ యాప్‌లోనే బాకీని ఈఎంఐగా మార్చుకునే ఆప్షన్ ఉంది, 18 నెలలు, ఏడాదికి 15 శాతం. అంటే రూపాయి పావలా మిత్తి. నెలకి 3,743, వడ్డీ మీద జీఎస్టీ అదనం, మొదట్లో ప్రాసెసింగ్ ఫీజు. ఇప్పుడు కట్టేదానికన్నా ఏడెనిమిది వందలు ఎక్కువ, కానీ ఏడాదిన్నరలో పీడ వదులుతుంది. అత్తమ్మకి అది నచ్చలేదు. "సంఘంల రూపాయి మిత్తికే తెస్త. పాత లోన్‌వి రెండు కిస్తులు ఉన్నయ్, అయినంక ఇస్తరు" అంది. మహిళా సంఘంలో ఆమెకి పదిహేనేళ్ల పరపతి. రూపాయి కన్నా రూపాయి పావలా ఎక్కువే కదా, నేను వాదించలేదు. రెండు నెలలు ఆగాలి, అంతే.

ఆ రెండు నెలలకి బావ కార్డు బిల్లులోకి నా ఖాతా నుంచి 9,640 పంపాను. వద్దు వద్దంటూనే, గీ అంకె ఏందిరా, పదివేలన్న పంపలేవా అని నవ్వాడు. దాంతో నెలకి 426 మిత్తి తగ్గుతుంది. కార్డుని మాత్రం అప్పుడే మూసేయలేం, బాకీ తీరాకే. అప్పుడు అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేదంటే రోజుకి 500 చొప్పున బ్యాంకే మనకి కట్టాలని రిజర్వు బ్యాంకు రూలు ఉంది. బావ అది ఫోన్లో రాసుకున్నాడు.

సరే, బావకి ఏ కార్డు మంచిది? అడిగాడు కాబట్టి చెప్పాను. అతని నెల ఖర్చు రీచార్జి, కిరాణా, పెట్రోలు, చిట్టీ. వీటిలో కార్డుకి లెక్కలోకొచ్చేవి మహా అయితే ఆరు వేలు. 1 శాతం అంటే 60 రూపాయలు. నెలకి అరవై కోసం తేదీలు గుర్తుపెట్టుకోవాలి, ఒక్కసారి మర్చిపోతే లేటు ఫీజు కొన్ని వందలు. గడువు తేదీ తర్వాత మూడు రోజులు దాటితేనే ఆ ఫీజు వేయాలన్నది కూడా చెప్పాను. "అరవై రూపాయలకా ఇంత కథ?" అన్నాడు. మియాపూర్ లెక్క హత్నూరలో పని చేయదు. కార్డు ఎంచుకునే ముందు మూడు నెలల ఖర్చుని ఏ ఊళ్లో, ఏ కొట్లో, ఎలా కట్టారో రాసుకొని చూడమని మొదట్లోనే చెప్పాల్సింది నేను. ఎక్సెల్ చూపించి మురిసిపోయాను.

సాయంత్రం బయల్దేరే ముందు అత్తమ్మతో కిరాణా కొట్టుకి వెళ్లాను. సేటు పొడుగు పుస్తకం తీసి ఆమె పేజీ చూపించాడు. నాలుగు వారాల సామాను, 1,860 రూపాయలు. మిత్తి లేదు, మినిమమ్ లేదు, లేటు ఫీజు లేదు. కొంచెం ఆలస్యమైతే "అక్కా, ఏమన్న జూడు" అంటాడట, అంతే. నేను కడతానని ఫోన్ తీసి, అలవాటు కొద్దీ రూపే కార్డు ఎంచుకొని స్కాన్ చేశాను. ఈ క్యూఆర్‌కి క్రెడిట్ కార్డు పని చేయదని వచ్చింది. సేటు సొంత ఖాతా క్యూఆర్ అది. బ్యాంకు ఖాతా నుంచి పంపాను. సేటు పెన్నుతో పేజీ మీద అడ్డగీత కొట్టి, కింద ఇంకో గీత గీసి రాసుకున్నాడు: చాయ్‌పత్తి పావుకిలో, సబ్బులు రెండు.