జిప్పు లేని సంచి

ఊరికే అడుగుతున్నాను, జిప్పు లేని సంచి అమ్మే కొట్టు ఇంకా ఎక్కడైనా మిగిలిందా? మొన్న బజారంతా తిరిగాను. భుజాన అడ్డంగా వేలాడేది, మందపాటి కాన్వాసుది, పైన మూత వాలి దానికో బకిల్ ఉన్నది కావాలన్నాను. కొట్లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "అంకుల్, ఇది తీసుకోండి, థౌజండ్ డి" అని ఒక నల్లటి వస్తువు ముందు పెట్టాడు. దానికి బయటో జిప్పు, లోపలో జిప్పు, లోపలి జిప్పు తీస్తే అందులో ఇంకో జిప్పు. ట్రెక్కింగ్‌కి వెళ్తారా అని అడిగాడు. లేదు నాయనా, పొద్దున్నే చెరువుగట్టు దాకా వెళ్లొస్తాను అన్నాను. అంతే, వాడికి నా మీద ఆసక్తి పోయింది.

మన బోటివాళ్ల సాహసాలు అంతవరకే. హిమాలయాలెక్కేవాళ్లకి వీపున మూట ఉండాల్సిందే, కాదనను. అమీన్‌పూర్ చెరువుకో, వానలు పడ్డాక అనంతగిరి అడవిలోకో వెళ్లేవాడికి కావలసింది పక్కన వేలాడే సంచి. బైనాక్యులర్సు, సాలిం అలీ పక్షుల పుస్తకం, నీళ్లసీసా, పల్లీపట్టీ, ఓ తువ్వాలు. ఇవన్నీ వీపుసంచిలోనూ పడతాయి. కానీ ఏది కావలసినా ఆగి, ఓ భుజం విడిపించుకుని, సంచి ముందుకు తిప్పుకుని, జర్రున జిప్పు లాగి వెతకాలి. ఈలోపు లకుముకి పిట్ట నీళ్లలో మునగడం, చేపను పట్టడం, కొమ్మకేసి బాదడం, మింగడం, ఎగిరిపోవడం అన్నీ అయిపోతాయి. పక్కసంచి అయితే కళ్లు పిట్ట మీదే ఉంటాయి, చెయ్యి తన పని తాను చేసుకుంటుంది.

జిప్పును ఇప్పుడున్న రూపానికి తెచ్చింది స్వీడన్ నుంచి అమెరికా వెళ్లిన గిడియన్ సండ్‌బాక్ అనే ఇంజనీరు. 1913 నాటి మాట. 1917లో పేటెంటు కూడా వచ్చింది. ఆయనంటే నాకు గౌరవమే. ప్యాంటుకు పెట్టుకోండి, పరుపు గలేబుకు పెట్టుకోండి. కానీ మట్టిలో, ఇసకలో తిరిగే సంచికి ఎందుకు? జిప్పు చెడితే అందరూ పళ్లను తిడతారు. పళ్లు చాలాసార్లు నిక్షేపంగానే ఉంటాయి. అరిగేది రన్నరు. దుమ్ము, ఇసక చేరి దాని నోరు లోపల్లోపల అరిగి వెడల్పవుతుంది. అప్పుడిక పళ్లను దగ్గరకు నొక్కలేదు. రన్నరు ముందుకు పోతుంటే వెనక సంచి తెరుచుకుంటూ వస్తుంది. కటింగ్ ప్లేయరుతో రన్నరు అంచులు కాస్త నొక్కితే కొన్నాళ్లు పని చేస్తుంది. మరీ గట్టిగా నొక్కారో, విరుగుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లయితే ఈ అవస్థ కూడా ఉండదు, లోహపు రన్నరు తుప్పు పట్టి ఎక్కడున్నది అక్కడే కూర్చుంటుంది.

జిప్పు వద్దంటే వెల్క్రో చూపిస్తారు. స్విట్జర్లాండులో జార్జ్ ద మెస్ట్రాల్ అనే ఇంజనీరు వేటకు వెళ్లొచ్చి, కుక్క బొచ్చుకు అంటుకున్న గింజల్ని మైక్రోస్కోపు కింద చూసి, వాటి కొక్కేలను బట్టి దాన్ని కనిపెట్టాడు. మనవాళ్లకు తరతరాలుగా పంచెలకు ఉత్తరేణి గింజలు అంటుకుంటూనే ఉన్నాయి. మనం దులుపుకుని అన్నానికి వెళ్లిపోయాం. మంచిపనే చేశాం. చెరువు దగ్గర వెల్క్రో చప్పుడు విన్న కొంగ మళ్లీ ఆ వైపు రాదు.

ఇక ఆ "థౌజండ్ డి" సంగతి. డి అంటే డెనియర్. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. వెయ్యి డెనియర్ల నైలాను మొరటుదే, రాతికి రాసుకున్నా ఓ పట్టాన చిరగదు. కానీ సంచి చచ్చేది గుడ్డ దగ్గర కాదు. నీళ్లు దిగకుండా లోపల పాలీయురిథేన్ పూత వేస్తారు. మన ఉక్కపోత గాలికి, తేమకు అది క్రమంగా జిగురు పట్టి, ఆనక పొరలుగా ఊడుతుంది. పెట్టిన పుస్తకానికల్లా అంటుకుంటుంది. కాన్వాసుకు ఆ గొడవ లేదు. తడిస్తే నూలు ఉబ్బి నేత సందులు తనే మూసుకుంటుంది. తడిసిన కాన్వాసు బరువెక్కుతుంది, ఆరబెట్టకుండా మడిచి పెడితే బూజు పడుతుంది. ఒప్పుకుంటాను. ఆరబెట్టుకోండి.

పట్టీ వచ్చి సంచికి కలిసే చోటు చూడాలి. అక్కడ చతురస్రంగా కుట్టి, మధ్యలో గుణకారం గుర్తులా అడ్డంగా మరో కుట్టు వేశారంటే కుట్టినవాడు పని తెలిసినవాడు. ఒక్క వరస కుట్టుతో సరిపెట్టాడంటే నీళ్లసీసా బరువుకే తెగుతుంది. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే పది నిమిషాల్లో బాగుచేయగలిగిందే నా లెక్కలో గట్టి సంచి.

అసలు సిసలు పక్కసంచి ఏదంటే ఆర్టీసీ కండక్టరు తోలుసంచి. టికెట్ల మిషన్లు రాకముందు మాట చెబుతున్నాను. ఎడమచేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు, వేళ్ల సందుల్లో నిలువునా మడిచిన నోట్లు, పక్కన ఈ సంచి. మూత ఎప్పుడూ వెనక్కి వేసే ఉండేది. చేతులు రాసుకుని రాసుకుని తోలు నల్లగా నిగనిగలాడేది. అమలాపురం బస్సులో సంక్రాంతి రద్దీలో కాలు పెట్టడానికి చోటు లేకపోయినా, కండక్టరు కిటికీలోంచి ఎవరినో కేకేస్తూ, సంచిలోకి చూడకుండానే సరైన నాణెం తీసేవాడు. అదే చేత్తో "రైట్ రైట్" అని బస్సు రేకు మీద కొట్టేవాడు.

నాణేలు అయిపోయినప్పుడు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు. దిగేలోపు అడగడం మన బాధ్యత. మా అమ్మ ఆ టికెట్టును దేవుడి ప్రసాదంలా పట్టుకుని కూర్చునేది. ఒక్కోసారి ఇద్దరు ప్రయాణికుల చేతిలో ఒకే నోటు పెట్టి, "దిగాక మార్చుకుని పంచుకోండి" అనేవాడు. అలా ఒకసారి రావులపాలెంలో మా నాన్నను, కోడిపుంజును చంకన పెట్టుకున్న ఒకాయనను పది రూపాయల నోటుతో ముడిపెట్టి దింపేశాడు. చిల్లర కోసం ఇద్దరూ టీకొట్టుకెళ్లారు. ఊరికే మార్చనన్నాడు కొట్టాయన. సరే అని చెరో టీ తాగారు. ఇప్పుడు ఆ టీ డబ్బులు ఎవరి వాటాలోంచి పోవాలన్న దగ్గర పేచీ. "మీరు పెద్దవారు, నేనిస్తాను" అంటాడాయన. "నువ్వు ఊరికి కొత్తవాడివి, నేనే ఇవ్వాలి" అంటారు మా నాన్న. కోడి అరుస్తోంది, మా ఊరి బస్సు వచ్చి హారను కొడుతోంది, నేను నాన్న చెయ్యి పట్టుకుని లాగుతున్నాను. చివరికి నాకో బన్ను కొనిచ్చి ఇద్దరూ లెక్క సరిపెట్టేసుకున్నారు.