రుచియు దురభిమానమును

జిహ్వకొక రుచి యని పెద్దలు చెప్పుదురు. ఆ రుచి యూరి యభిమానమగుటయు, అభిమానము తిరస్కారమగుటయు లోకమున గలదు. ఇందుకు బేగెలు అను రొట్టె మంచి నిదర్శనము.

బేగెలు పోలండు యూదుల వంటకము. క్రాకోవు యూదసంఘమువారి 1610వ సంవత్సరపు కట్టుబాట్లలో దీని పేరు కానవచ్చును. పులిసిన గోధుమపిండిని కడియమువలె చుట్టి, మొదట మరుగునీటిలో నుడికించి, పిదప పొయ్యిలో కాల్చుదురు. వలసపోయిన యూదులవెంట నిది న్యూయార్కునకును మాంట్రియాలునకును చేరెను. న్యూయార్కుది లావు, పైపొర గట్టి, లోపల నమలినకొలది సాగును. మాంట్రియాలుది సన్నము, నడిమి రంధ్రము పెద్దది. తేనె కలిపిన నీట నుడికించుటచే నించుక తీయన, కట్టెలపొయ్యిలో కాల్చుటచే నక్కడక్కడ నలుపు. న్యూయార్కువారు తమ రుచికి తమ యూరి నీరే కారణమందురు. మాంట్రియాలున బుట్టిన వ్యోమగామి గ్రెగరీ షామిటాఫ్ 2008లో తన యూరి నువ్వుల బేగెళ్లను 18 అంతరిక్షమునకే కొనిపోయెను.

న్యూజెర్సీలో మా తమ్ముని యింట మేమొక వేసవి గడపితిమి. మా మరదలు బేగెలును రెండుగా కోసి, కాల్చి, అల్లపు పచ్చడి పూసి పెట్టెడిది. పిమ్మట మాంట్రియాలు చూడబోయి యక్కడిదియు తింటిమి. మాకు మాంట్రియాలుదే నచ్చినది; అరిసెలతో పెరిగిన నాలుకకు తీపి చుట్టము గదా! తమ్మునికి న్యూయార్కుదే ప్రాణము. ఇరువురమును తిని వాదించితిమి గనుక నా వాదమున హాయి యుండెను. కాని యక్కడనే పుట్టిపెరిగిన వాని కొడుకు, మేము తెచ్చిన పొట్లమును విప్పకయే, “ఇది బేగెలే కాదు, పెదనాన్నా” యని త్రోసివేసెను.

ఆ పలుకు మాకు నవ్వు తెప్పింపలేదు. మా బడిలో వంట చేయు నామె కులము విని మధ్యాహ్న భోజనపు పళ్లెమును త్రోసివేసిన బాలుని మేమెఱుగుదుము. రెండును సమానదోషములని మేమనము. మొదటిది యూరి గర్వము. రెండవది యొక మనిషికి జరిగిన యవమానము. అయినను రెండింటను నాలుకకంటె ముందుగా చెవి తీర్పు చెప్పినది. ఇంట విన్నదే పిల్లల నోట వచ్చును.

మరునాడు తమ్ముని కొడుకు మా మాట మన్నించి యొక ముక్క తిని, తనకు న్యూయార్కుదే మేలనెను. ఆ తీర్పును మేము సంతోషముతో నంగీకరించితిమి. తిని వద్దనుట యభిరుచి. తినకయే వద్దనుట దురభిమానము. తల్లిదండ్రులారా, మన వంటలయం దభిమానము పిల్లలకు తప్పక నేర్పుడు. దానితోపాటు, ఒరుల చేతి ముద్ద యొకటి తినిన పిదపనే మాటాడుటయు నేర్పుడు.